పెద్ద చెయిన్ షాపుల్లో టీ ఎందుకు కుదరదు?

క్లుప్తంగా: చెయిన్ టీ షాపుల్లో కప్పు నిరాశపరిస్తే చాలామంది ముందు ఆకు నాణ్యతను అనుమానిస్తారు. ఎక్కువసార్లు తప్పు అక్కడ ఉండదు. టీ దిగడానికి నిమిషాలు పడుతుంది, కౌంటర్ మాత్రం సెకన్లలో నడుస్తుంది. ఆ తేడాను సర్దడానికి పట్టే అడ్డదారులు రుచినీ సర్వీసునూ కలిపే దెబ్బతీస్తాయి. పాలు, పంచదార, ఐసు కలిపిన పానీయాల్లో ఈ లోపం దాగిపోతుంది. వట్టి టీలో దాగదు.

ఇంట్లో పెట్టుకుంటే కమ్మగా కుదిరే టీ, పేరున్న షాపులో అంతకు ఎన్నో రెట్లు డబ్బిచ్చి కొంటే ఒకరోజు వేడినీళ్లలా, మరో రోజు కషాయంలా ఉంటుందన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. ఇందులో ముఖ్యమైన మాట "బాగాలేదు" అన్నది కూడా కాదు, "ఒకరోజు ఇలా, ఒకరోజు అలా" అన్నది. ఏ బ్రాంచికి వెళ్లినా ఒకే రుచి దొరుకుతుందన్న భరోసా మీదే చెయిన్ వ్యాపారం నిలబడుతుంది. కాఫీ విషయంలో ఆ భరోసాను చాలావరకు నిలబెట్టుకున్న కౌంటర్లే టీ దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నాయి. కారణం తెలియాలంటే ముందు కప్పులోకి చూడాలి, తర్వాత కౌంటర్ లోపలికి.

కప్పులో ఏం జరుగుతుంది

బ్లాక్, గ్రీన్, ఊలాంగ్, వైట్ టీలన్నీ కామెల్లియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకును ఎంతవరకు ఆక్సీకరణ చెందనిచ్చారన్నదాన్ని బట్టి ప్రధానంగా రకం మారుతుంది. బ్లాక్ టీలో, ఆకులో సహజంగా ఉండే కాటెకిన్లు అనే పదార్థాలు థియాఫ్లేవిన్లు, థియారూబిజిన్లుగా మారతాయి. ఆ ఎర్రటి రంగు, నోటికి తగిలే గట్టిదనం వాటివే. గ్రీన్ టీలో ఈ మార్పును వేడితో ముందే ఆపేస్తారు కాబట్టి కాటెకిన్లు చాలావరకు అలాగే మిగులుతాయి.

నీళ్లు తగలగానే ఇవన్నీ ఒకే వేగంతో దిగవు. కమ్మదనాన్నిచ్చే థియనీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ వేడిలోనూ తేలిగ్గా కరుగుతుంది. చేదుకు కారణమైన కెఫీన్, వగరుకు కారణమైన కాటెకిన్లు నీళ్ల వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. చేదునూ వగరునూ చాలామంది కలిపేస్తారు కానీ రెండూ వేరు. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నోరంతా పట్టేసినట్టు అనిపించే స్పర్శ. టీలోని పాలీఫినాల్స్ (కాటెకిన్లు, థియాఫ్లేవిన్లు ఈ కుటుంబానివే) లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోట్లో జిగురు తగ్గి, చెంపల లోపలి పొర బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. పాలు పోస్తే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ పాలీఫినాల్స్‌ను ముందే పట్టేసుకుంటుంది.

గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల నీళ్లు, బ్లాక్ టీకి మరుగుతున్న నీళ్లు అనే నియమం ఇందులోంచే వచ్చింది. బ్లాక్ టీకి మూడు నుంచి ఐదు నిమిషాలు, గ్రీన్ టీకి అంతకంటే తక్కువ సమయం. గ్రీన్ టీ మీద సలసల కాగే నీళ్లు పోస్తే వగరెక్కుతుంది. బ్లాక్ టీ మీద వేడి తగ్గిన నీళ్లు పోస్తే రంగు వస్తుంది గానీ పస ఉండదు. షాపుల్లో ఈ రెండు తప్పులూ ఒకే కుళాయిలోంచి వస్తాయి. ఆ సంగతి కాస్త తర్వాత.

టీని ఒకేలా పెట్టడం ఎంత కష్టమో ప్రమాణాలు రాసేవాళ్లకు ఎప్పుడో తెలుసు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1980లో తెచ్చిన 3103 నంబరు ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు వేయాలి, మరిగే నీళ్లు పోయాలి, మూత ఉన్న పాత్రలో 6 నిమిషాలు ఉంచాలి. ఇలాంటి బ్రిటిష్ ప్రమాణ పత్రానికే 1999లో, నవ్వించి ఆలోచింపజేసే పనులకు సరదాగా ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి దక్కింది. ఒక కప్పు టీకి ఆరు పేజీలా అని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ప్రమాణం అత్యంత రుచికరమైన టీ కోసం రాసింది కాదు, రెండు రకాల ఆకులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి రాసింది. ఆకు బరువు, నీటి కొలత, వేడి, సమయం కదలకుండా ఉంటేనే ఆ పోలిక కుదురుతుంది. రద్దీ కౌంటర్‌లో ఈ నాలుగూ కదులుతూనే ఉంటాయి.

నాలుగు నిమిషాల లెక్క

ఎస్ప్రెస్సో షాట్ (చిన్న కప్పు చిక్కటి కాఫీ) దిగడానికి పట్టేది సుమారు 25 నుంచి 30 సెకన్లు. మెత్తగా నూరిన పొడి గుండా యంత్రం 9 బార్ల ఒత్తిడితో నీళ్లను నెడుతుంది. ఆ అర నిమిషం పాటు కప్పు యంత్రం ముందే ఉంటుంది, పనిచేసే మనిషి కూడా అక్కడే ఉంటాడు. టీ ఆకును ఇలా తొందరపెట్టడం కుదరదు. ఎండి ముడుచుకున్న ఆకు నీళ్లు పీల్చి విప్పుకోవాలి, సారం నెమ్మదిగా బయటికి రావాలి.

ఒక షాపులో రద్దీ వేళ గంటకు 90 టీలు అమ్ముడవుతున్నాయనుకుందాం. ఒక్కోటి 4 నిమిషాలు నానాలి. మొత్తం 360 నిమిషాల పని 60 నిమిషాల్లో జరగాలి. అంటే ఏ క్షణంలో చూసినా సగటున 6 టీలు నానుతూ ఉంటాయి. క్యూల గణితంలో దీన్ని లిటిల్ సూత్రం అంటారు. జాన్ లిటిల్ 1961లో దీనికి నిరూపణ ప్రచురించారు. ఆ ఆరింటికీ గడువులు వేరు. ఒకటి గ్రీన్ టీ, రెండు నిమిషాలకే తీసేయాలి. ఒకటి మూలికల టీ, ఐదు నిమిషాలు దాటినా ఫర్వాలేదు. ఇంకొకటి ఎప్పుడు పోశారో ఎవరికీ గుర్తులేదు. ఇవన్నీ కనిపెట్టాల్సిన మనిషే బిల్లు వేయాలి, మూతలు పెట్టాలి, పేర్లు పిలవాలి. కాస్త ముందు తీస్తే చప్పన, కాస్త ఆలస్యమైతే వగరు. ఇందులో ఎవరి అశ్రద్ధా అక్కర్లేదు, లెక్కే అలా ఉంది.

ఈ లెక్క నుంచి తప్పించుకోవడానికి షాపులు మెత్తటి పొడి వాడతాయి, లేదంటే గడువు చూసుకునే పని కొన్నవాళ్లకే అప్పగిస్తాయి, అదీ కాదంటే ముందే పెద్దమొత్తంలో కాచి పెడతాయి.

మెత్తటి పొడి పనిచేసే తీరు సులువైనదే. రేణువు చిన్నదయ్యేకొద్దీ నీళ్లకు తగిలే ఉపరితలం పెరుగుతుంది, సారం త్వరగా దిగుతుంది. ఆకును నలిపి, చీల్చి, చుట్టే సీటీసీ పద్ధతి 1930ల్లో వచ్చింది. టీ బ్యాగుల్లో ఎక్కువగా ఉండేది ఇలాంటి చిన్న రేణువులు, డస్టు. నిమిషంలో ముదురు రంగు వస్తుంది. రంగు వచ్చింది కాబట్టి టీ అయిపోయిందనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. సువాసనతో పేరు తెచ్చుకున్న పెద్ద ఆకు రకాలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి టైమ్ ఇవ్వాలి.

రెండో దారిలో బ్యాగు లోపలే ఉంచి, మూత బిగించి కప్పు చేతికిస్తారు. ఎప్పుడు తీయాలో చెప్పేవాళ్లు ఉండరు, తీసిన తడి బ్యాగు ఎక్కడ పడేయాలో తెలియదు. దాంతో చాలామంది దాన్ని అలాగే వదిలేసి తాగుతారు. మొదటి గుక్క నీళ్లలా, చివరి గుక్క కషాయంలా ఉండేది ఇందుకే. డెలివరీ యాప్‌లో ఆర్డర్ చేస్తే అరగంట దారి పొడవునా ఆకు నానుతూనే వస్తుంది.

కాఫీ కోసం కట్టిన కౌంటర్

చాలా చెయిన్ షాపుల్లో వేడినీళ్ల కుళాయి ఒక్కటే ఉంటుంది, దాని వేడి కూడా ఒకే అంకె దగ్గర పెట్టి ఉంటుంది. కాఫీకి అనువైన వేడి సుమారు 90 నుంచి 96 డిగ్రీలు. అది గ్రీన్ టీకి ఎక్కువ, బ్లాక్ టీకి తక్కువ. అలా ఒకే కుళాయి ఒక కప్పులో వగరునూ పక్క కప్పులో చప్పదనాన్నీ పోస్తుంది. చల్లటి పింగాణీ కప్పులో పడగానే నీళ్లు మరికొన్ని డిగ్రీలు కోల్పోతాయి. ముందు నీళ్లు పోసి, టీ బ్యాగును పక్కన సాసర్‌లో పెట్టి ఇచ్చే అలవాటున్న చోట, అది నీళ్లలో పడేసరికి వాటి వేడి బ్లాక్ టీకి కావలసినదానికంటే ఎప్పుడో కిందికి దిగిపోయి ఉంటుంది. ఎత్తైన ప్రదేశాల్లో మరిగే నీళ్లే తక్కువ వేడిగా ఉంటాయి. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది.

నీళ్ల స్వభావం దగ్గర చెయిన్ షాపుల "ఎక్కడైనా ఒకటే రుచి" అన్న మాటకు పెద్ద గండి పడుతుంది. కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువగా ఉన్న కఠిన జలంతో పెట్టిన టీ మీద పల్చటి తెట్టు కడుతుంది. అది పొడిలోని మురికి కాదు. కాల్షియం సమక్షంలో టీలోని పదార్థాలు గాలి తగిలి ఆక్సీకరణ చెందడంతో ఏర్పడే పొర. అదే నీళ్లు రంగును మసకబారుస్తాయి, సువాసనను కూడా మందగింపజేస్తాయి. నిమ్మరసం పిండితే ఆమ్లం వల్ల తెట్టు తగ్గి రంగు తేటపడటం చాలామంది చూసే ఉంటారు. ఒకే గోడౌన్ నుంచి వచ్చిన ఆకు, ఒకే కొలత, ఒకే సమయం పాటించినా, నీళ్లు మారిన బ్రాంచిలో టీ మారుతుంది. షాపుల్లో ఫిల్టర్లు ఉంటాయి. అయితే వాటిని ఎక్కువగా యంత్రంలో సున్నం పేరుకోకుండా కాపాడటం కోసం బిగిస్తారు.

మూత సంగతి చిన్నదే గానీ వదలకూడదు. టీ రుచిలో పెద్ద భాగం ముక్కుదే. సన్నటి రంధ్రం ఉన్న ప్లాస్టిక్ మూత ఆవిరిని లోపలే ఆపేస్తుంది. అలాంటి మూతతో తాగినప్పుడు ఖరీదైన సువాసన టీకీ మామూలు టీకీ మధ్య తేడా చాలావరకు చెరిగిపోతుంది.

ముందే కాచి పెట్టడం

పెద్ద పాత్రలో చిక్కటి డికాక్షన్ దించి, వేడి పోని డ్రమ్ములో నిలవ ఉంచి, ఆర్డర్ రాగానే పట్టివ్వడం మూడో దారి. నాలుగు నిమిషాల చిక్కు ఒక్కసారిగా పోతుంది. కానీ టీ ఆ డ్రమ్ములో మారకుండా కూర్చోదు. పూల వాసననిచ్చే లినలూల్, జెరానియోల్ లాంటి తేలికపాటి పదార్థాలు ముందు ఎగిరిపోతాయి. థియాఫ్లేవిన్లు క్రమంగా తగ్గి, తళుకున్న ఎరుపు మొద్దు గోధుమరంగులోకి దిగుతుంది. చిక్కటి టీ చల్లారితే కెఫీన్, పాలీఫినాల్స్ జట్టుకట్టి నీళ్లు మబ్బుపట్టినట్టవుతాయి. ఈ రంగంలోవాళ్లు దాన్ని టీ క్రీమ్ అంటారు. పాలతో దానికి సంబంధం లేదు.

ఇలా అన్నంత మాత్రాన ముందే కాచడం తప్పు అనలేం. 1980ల్లో తైవాన్‌లో పుట్టిన బబుల్ టీ వ్యాపారం మొత్తం దాని మీదే నడుస్తుంది. చిక్కగా దించుతారు, కొన్ని గంటలు దాటితే పారబోయాలని నియమం పెట్టుకుంటారు, ఐసుతో కలిపి గిలకొట్టి ఇస్తారు. చల్లదనం చేదును కాస్త అణచిపెడుతుంది, పాలు వగరును పట్టేసుకుంటాయి, పంచదార మిగతాది చూసుకుంటుంది. సాగో గుండ్లు నములుతూ తాగేవాళ్లు లినలూల్ గురించి ఆలోచించరు. ఆ పానీయం రూపమే ఆ పద్ధతికి సరిపోయేలా తయారైంది. ఆ డ్రమ్ములోంచే వట్టి వేడి టీ పట్టి ఇచ్చినప్పుడు మాత్రం దాచిపెట్టేది ఏమీ ఉండదు. ఒకే షాపులో ఒకరు మెచ్చుకుని, పక్కనున్నవాళ్లు పెదవి విరిచేది ఈ కారణంగానే. ఇద్దరూ ఒకే టీ తాగుతున్నారు, ఒకే పానీయం కాదు.

గాజు సీసాల్లో పాతబడే ఆకు

విడి ఆకు అమ్మే షాపుల్లో మరో సమస్య ఉంది, అది గోడ మీదే కనిపిస్తుంది. వరుసగా పేర్చిన పదుల కొద్దీ డబ్బాలు, సీసాలు. కప్పుకు రెండున్నర గ్రాముల చొప్పున కిలో ఆకుతో 400 కప్పులు వస్తాయి. రోజుకు నాలుగు కప్పులే అమ్ముడయ్యే రకం అయితే ఆ కిలో అయిపోవడానికి 100 రోజులు పడుతుంది. ఈలోపు వాసన చూపించడానికి మూత ఎన్నిసార్లు తీస్తారో లెక్కలేదు. గాలి, వెలుతురు, తేమ, పక్క డబ్బాలోని ఘాటైన వాసన, ఈ నాలుగూ ఆకుకు పడవు. అందులోనూ గ్రీన్ టీ తొందరగా తాజాదనం కోల్పోతుంది. మెనూ ఎంత పెద్దదైతే మూలన పడి ఉండే రకాలు అంత పెరుగుతాయి.

ఆకును చెంచాతో కొలవడం ఇంకో చిక్కు. గట్టిగా ఉండలు చుట్టిన ఊలాంగ్ ఒక చెంచాడూ, బొద్దుగా విచ్చుకున్న వైట్ టీ ఒక చెంచాడూ తూకం వేస్తే రెండింటికీ పొంతనే ఉండదు. అన్నిటికీ ఒకటే చెంచా వాడే షాపులో ఒక టీ చిక్కగా, మరొకటి నీళ్లలా రావడంలో వింతేమీ లేదు. పండ్ల ముక్కలు, పూరేకులు కలిపిన మిశ్రమాల్లో ఆ ముక్కలే బరువు తూగుతాయి, అసలు ఆకు తక్కువ పడుతుంది. డబ్బా మూత తీయగానే గుప్పుమన్న వాసన కప్పులో కనిపించకపోవడానికి ఇదొక కారణం. పైనుంచి చల్లిన పరిమళ తైలాలు పొడిగా ఉన్నప్పుడు ముక్కుకు బలంగా తగిలినా, నీళ్లలో అంత నిలవకపోవడం ఇంకో కారణం.

లాభం ఎక్కడ ఉంటే చూపు అక్కడ

కిలోకు 400 కప్పులన్న లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. కప్పు ధరలో ఆకు వాటా తక్కువ. అద్దె, జీతాలు, కప్పు, మూత కలిపితే అంతకంటే చాలా ఎక్కువ. అందువల్ల మంచి ఆకు వేసినంత మాత్రాన షాపు దివాలా తీయదు, నాసి ఆకు వేసినంత మాత్రాన పెద్దగా మిగలదు. ఖరీదైనది మనిషి సమయం. నాలుగు నిమిషాలు కనిపెట్టుకుని ఉండాల్సిన వట్టి టీని తక్కువ ధరకు అమ్మడం కంటే, డ్రమ్ములోంచి పట్టి పాలు, సిరప్ కలిపిన పానీయాన్ని ఎక్కువ ధరకు అమ్మడం ఏ మేనేజర్‌కైనా సులువు.

వట్టి టీ చుట్టూ కట్టిన పెద్ద చెయిన్లు ఎదుర్కొన్న కష్టాలు రికార్డులో ఉన్నాయి. స్టార్‌బక్స్ 2012లో సుమారు 62 కోట్ల డాలర్లకు టీ షాపుల చెయిన్ టీవానాను కొంటున్నట్టు ప్రకటించింది. 2017లో ఆ పేరుతో ఉన్న 379 షాపులనూ మూసేస్తామని చెప్పింది. అవి ఎక్కువగా మాల్స్‌లో ఉండేవి, మాల్స్‌కు జనం తగ్గడం పెద్ద కారణం. కెనడాకు చెందిన టీ చెయిన్ డేవిడ్స్‌టీ 2020లో దివాలా రక్షణ కోరి, 200కు పైగా ఉన్న షాపుల్లో 18 మాత్రం ఉంచుకుంది. ఈ రెండూ ప్రధానంగా ఇంటికి తీసుకెళ్లే ఆకును అమ్మినవి. అలాంటి ఆకును ఆన్‌లైన్‌లో కొనడం సులువైనప్పుడు షాపుకు మిగిలే ఆకర్షణ అక్కడ తాగే కప్పే. ఆ కప్పే సరిగా లేకపోతే మళ్లీ రావడానికి కారణం ఉండదు.

మరోవైపు చైనాకు చెందిన పానీయాల చెయిన్ మిష్యూకు 2024 చివరికి 45 వేలకు పైగా అవుట్‌లెట్లున్నాయి. దాదాపు అన్నీ ఫ్రాంచైజీలే. కంపెనీ ఆదాయంలో అత్యధిక భాగం ఆ ఫ్రాంచైజీలకు సరుకు, పరికరాలు అమ్మడం నుంచి వస్తుంది. అక్కడ అమ్ముడయ్యేవి తీపి, చల్లటి పానీయాలు, ఐస్‌క్రీమ్. ఎవరు పెట్టినా ఒకేలా వచ్చే పానీయమే ఇంత వేగంగా పాకగలదు. మనిషి చేతి నేర్పు మీద ఆధారపడిన వట్టి టీ ఆ జాబితాలో లేదు.

సర్వీసు ఎందుకు విసిగిస్తుంది

రుచి మీద, సర్వీసు మీద వచ్చే ఫిర్యాదులను విడివిడిగా చూడటం మామూలే, నిజానికి రెండింటి మూలం ఒకటే. ఆర్డర్ ఎంత త్వరగా ఇచ్చారు, సగటు బిల్లు ఎంత పెరిగింది అన్నవి కంపెనీలు లెక్కపెడతాయి. ఆకు ఎంతసేపు నానిందన్నది చాలాచోట్ల ఎవరూ లెక్కపెట్టరు. దాంతో సిబ్బంది ఆర్డర్ త్వరగా తెమల్చడం మీదా, బిల్లు పెంచడం మీదా దృష్టి పెడతారు. "50 గ్రాములు చాలు" అన్నవాళ్లకు 80 గ్రాములు తూచి "ఉంచేయమంటారా?" అని అడగడం, డబ్బా కూడా కొనమని ఒత్తిడి చేయడం ఇందులోంచే పుడతాయి. కొనేవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది, కౌంటర్ లోపల దాని పేరు టార్గెట్.

ఉద్యోగులు తరచూ మారిపోయే చోట టీ గురించి నేర్పించడానికి వ్యవధి ఉండదు. ఇదెంతసేపు ఉంచాలి అని అడిగితే డబ్బా తిప్పి లేబుల్ చదివి చెప్పడం ఆ లోటును బయటపెడుతుంది. అయినా చదివి చెప్పేవాళ్లు నయం. వగరెక్కిందని కప్పు వెనక్కి ఇస్తే ఇంకో కప్పు పోసిస్తారు. రద్దీ అదే, కుళాయి అదే కాబట్టి రెండోదీ దాదాపు అలాగే వస్తుంది.

ఇక ముందు

బబుల్ టీ షాపుల్లో టీ, పంచదార కొలిచి పోసే యంత్రాలు ఇప్పటికే మామూలయ్యాయి. ఇదే దారిలో వెళ్తే వట్టి టీ మెనూలో పేరుకు మాత్రం మిగిలి, కౌంటర్ మొత్తం చల్లటి, తీపి పానీయాల చుట్టూ తిరిగే అవకాశం ఎక్కువ. టీ మీద గురి ఉన్న షాపులు మెనూను పది పన్నెండు రకాలకు కుదించి, తూకం వేసి, రెండు వేడుల నీళ్లు పెట్టుకుని, టైమర్‌తో సహా కప్పును బల్ల మీదికి పంపే పద్ధతికి మళ్లొచ్చు. బ్యాగు లోపలే ఉంచి ఇచ్చే పద్ధతిలోనూ, ఇందులోనూ గడువు కొన్నవాళ్ల చేతిలోనే పెడతారు, కానీ ఈసారి సమాచారంతో పాటు పెట్టడం తేడా.

ఖర్చు లేని మార్పులు కూడా ఉన్నాయి. గ్రీన్ టీ కప్పులో ముందే పావు వంతు మామూలు నీళ్లు పోసి, మిగతా ముప్పావు వంతు కుళాయిలోని 95 డిగ్రీల నీళ్లతో నింపితే మొత్తం 77 డిగ్రీల దగ్గర ఆగుతుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు సమయమూ అక్కర్లేదు. అడిగితే చాలా కౌంటర్లలో చేసిపెడతారు కూడా. బ్లాక్ టీకి ఇలాంటి చిట్కా లేదు. మరుగుతున్న నీళ్లు కావాలి, ఆకు వాటిలో నాలుగు నిమిషాలు ఉండాలి. రద్దీ లేని వేళ వెళ్లినవాళ్లకు అది దొరికే అవకాశం ఎక్కువ.